అమ్మిన తర్వాత వస్తువు ఎవరిది?

వాడిన వీడియో ఆటలను తిరిగి అమ్ముకోకుండా కంపెనీలు పెట్టే ఆంక్షల మీద ఒక వ్యాసం రాయబోతున్నానని చెప్పినప్పుడు ముగ్గురు మిత్రులు మూడు అభ్యంతరాలు చెప్పారు.

మొదటివారు ఉపాధ్యాయులు. "పిల్లకాయల ఆటబొమ్మల మీద మన పత్రిక కాగితం ఖర్చు పెట్టాలా?" అన్నారు ఆయన. రెండవ మిత్రుడు విద్యార్థి సంఘంలో పనిచేస్తున్నవాడు. అతని అభ్యంతరం మరింత గట్టిది. "కొన్న వస్తువు నాది, నా ఇష్టం వచ్చినట్టు అమ్ముకుంటాను అనడం సొంత ఆస్తిని సమర్థించడం గదా! ఆ పని మనం ఎందుకు చేయాలి?" అన్నాడు. మూడవవాడు కథకుడు. "పాత ఆట చేతులు మారితే దాన్ని తయారుచేసినవాడికి దమ్మిడీ రాదు. పాత పుస్తకం సంగతీ అంతే. నువ్వు రచయితవై వుండి ఎవరి పక్షాన మాట్లాడుతున్నావు?" అన్నాడు.

ఈ మూడు అభ్యంతరాలూ తీసిపారవేయదగినవి కావు. వాటికి జవాబు వెతకబోతేనే ఈ సమస్య అసలు స్వరూపం నాకు తెలిసివచ్చింది. అందుచేత వాటినే వెంటబెట్టుకుని ఈ చర్చ సాగిస్తాను.

1

ముందు జరిగిన సంగతి చెప్పాలి. వీడియో ఆటలు ఆడే యంత్రాన్ని కన్సోల్ అంటారు. ఆట డిస్కు రూపంలో అంగడికి వస్తుంది. కొన్నవాడు ఆట పూర్తయిన తర్వాత డిస్కును స్నేహితుడికి ఎరువిస్తాడు, లేదా అంగడిలో తిరిగి అమ్మి, వచ్చిన డబ్బుకు మరికొంత కలిపి కొత్త ఆట కొనుక్కుంటాడు. అమెరికాలో పెద్ద ఆట ఒక్కొక్కటి 60 డాలర్లు వున్న రోజుల్లో సామాన్య కుటుంబపు కుర్రవాడికి ఈ పాత ఆటల బజారే ఆధారం.

కంపెనీలకు ఇది కంటగింపయింది. 2010లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ "ఆన్‌లైన్ పాస్" అనే పద్ధతి తెచ్చింది. కొత్త డిస్కుతోపాటు ఒక సంకేతం ఇస్తారు. అది ఒక్కరికే పనిచేస్తుంది. అదే డిస్కు రెండవ చేతికి వెళితే, ఇంటర్నెట్ మీద ఇతరులతో కలిసి ఆడడానికి ఆ రెండవవాడు మరో 10 డాలర్లు చెల్లించాలి. డిస్కు అదే, ఆట అదే, మొదటివాడు పూర్తి ధర చెల్లించేవున్నాడు. అయినా రెండవవాడి చేతికి వచ్చేసరికి అందులో సగం ప్రాణం తీసేశారు. ఈ పద్ధతి మీద వ్యతిరేకత ఎంతగా వచ్చిందంటే 2013 మే నెలలో ఆ కంపెనీయే దాన్ని విరమించుకున్నది.

అదే నెలలో మైక్రోసాఫ్ట్ తన కొత్త కన్సోల్ ఎక్స్‌బాక్స్ వన్‌ను ప్రకటించింది. జూన్ 6న దాని నిబంధనలు బయటపెట్టింది. యంత్రం 24 గంటలకు ఒకసారి ఇంటర్నెట్ ద్వారా కంపెనీకి హాజరు చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే ఆటలు సాగవు. ఆట తయారుచేయించిన కంపెనీ అనుమతిస్తేనే పాత డిస్కు అమ్మవచ్చు, అదీ ఒప్పందం వున్న దుకాణాల్లోనే. స్నేహితుడికి ఇవ్వదలచుకుంటే అతని పేరు కనీసం 30 రోజులుగా మన స్నేహితుల జాబితాలో వుండాలి. ఒక ఆటను ఒక్కసారే ఇవ్వవచ్చు. ఎరువు, అద్దె ప్రస్తుతానికి లేవు. ఇంటర్నెట్ లేనివాళ్ల మాటేమిటని అడిగితే, వాళ్లకోసం పాత యంత్రం ఎక్స్‌బాక్స్ 360 వున్నది గదా అని ఆ విభాగాధిపతి డాన్ మాట్రిక్ జవాబు చెప్పారు.

స్నేహితుడికి వస్తువు ఇవ్వడానికి స్నేహం వయసు ధ్రువీకరించవలసిన రోజు వస్తుందని హాస్య రచయితలు కూడా వూహించి వుండరు.

జూన్ 10న లాస్ ఏంజెలెస్ ప్రదర్శనలో సోనీ కంపెనీ తన ప్లేస్టేషన్ 4కు ఇటువంటి ఆంక్షలేవీ వుండవని ప్రకటించింది. సభలో చప్పట్లు మోగిపోయాయి. ధర కూడా 399 డాలర్లే, మైక్రోసాఫ్ట్ యంత్రం 499. ఆటను ఎట్లా ఎరువివ్వాలో నేర్పే పాఠం అంటూ సోనీ ఒక చిన్న చిత్రం కూడా విడుదల చేసింది. అందులో ఒకాయన డిస్కు పెట్టెను రెండవాయన చేతికి అందిస్తాడు. పాఠం అంతే. జూన్ 19న మైక్రోసాఫ్ట్ తన నిబంధనలు వెనక్కు తీసుకున్నది.

దీన్ని బూర్జువా పత్రికలు వినియోగదారుని విజయం అన్నాయి. బజారులో ఎంపిక వున్నంత కాలం కొనేవాడే రాజు, అతన్ని కాదని ఏ కంపెనీ బతకలేదు అన్నాయి. ఈ వాదం పైకి నిజంలాగే కనిపిస్తుంది. ఆ జూన్ నెలలో నేనైనా చప్పట్లు కొట్టేవాడినే. కాని ఏ విజయానికైనా పరీక్ష ఆ రోజు మోగిన చప్పట్లు కాదు, పదేళ్ల తర్వాత మిగిలినదేమిటి అన్నదే.

అంత ఉదారంగా కనిపించిన సోనీయే 2011లో తన ఆటలకు పాస్ పద్ధతి పెట్టివున్నది. ఆ సోనీయే 2020 నవంబరులో ప్లేస్టేషన్ 5ను రెండు రకాలుగా విడుదల చేసింది. డిస్కు పెట్టుకునే వీలున్నది 499 డాలర్లు. డిస్కు పెట్టే చోటే లేనిది 399 డాలర్లు. ఈ రెండవదానికి ప్రతి ఆటా కంపెనీ సొంత అంగడిలోనే, కంపెనీ నిర్ణయించిన ధరకే కొనాలి. కొన్నది అమ్మడానికి లేదు, ఎరువివ్వడానికి లేదు. మైక్రోసాఫ్ట్ కూడా అదే నెలలో డిస్కు లేని చౌక యంత్రం ఒకటి విడుదల చేసింది. 2013లో నిబంధన రూపంలో వచ్చి ఓడిపోయినది 2020లో రాయితీ రూపంలో వచ్చి గెలిచింది. ఈసారి ఎవరూ ఎవరినీ నిర్బంధించలేదు. రెండు రకాలూ బల్ల మీద పెట్టి, నీ ఇష్టం అన్నారు.

ఎవరి ఇష్టం? చేతిలో డబ్బు తక్కువ వున్నవాడు చౌక యంత్రం కొంటాడు. పాత ఆటల బజారు ఎవరికి అన్నిటికన్న అవసరమో సరిగ్గా వాడే ఆ బజారు తలుపు తన చేతులతో మూసుకుంటాడు. ఈ బేరం మన పల్లెల్లో తెలియనిది కాదు. విత్తనాలకు ముందుగా డబ్బిచ్చిన షావుకారుకే పంట కొలవాలి, అతను చెప్పిన ధరకే కొలవాలి. ఆ రైతును ఎవరూ తాళ్లతో కట్టి తీసుకుపోలేదు. రైతే వెళ్లి షావుకారు గడప తొక్కాడు. అంతమాత్రాన అది రైతు స్వేచ్ఛ అని మనం ఎన్నడూ అనలేదు.

ఎంపిక అనేది కొనకముందు వుండేది. హక్కు అనేది కొన్న తర్వాత వుండేది. హక్కును ఒకసారి ఎంపికగా మార్చగలిగితే ఆ తర్వాత దాన్ని వంద డాలర్లకు కొనివేయవచ్చు. 2013లో ప్రజలు నిజంగానే పోరాడారు, గెలిచారు. కాని మేము కొనము అనే మాట దగ్గరే ఆగారు, ఇది మా హక్కు అనే మాట వరకు రాలేదు. అందుచేతనే ఆ గెలుపు నిలవలేదు.

2

ఇది హక్కు అవునా కాదా? ఈ ప్రశ్న వీడియో ఆటలతో పుట్టలేదు. అమెరికాలో ఇది ఒక నవల మీద పుట్టింది. మన పత్రిక పాఠకులకు ఈ కథ ఆసక్తి కలిగించకపోదు.

1904లో బాబ్స్ మెరిల్ అనే ప్రచురణ సంస్థ "ది కాస్ట్‌అవే" అనే నవల అచ్చువేసి, కాపీరైటు ప్రకటన కింద ఒక హెచ్చరిక చేర్చింది. ఈ పుస్తకం వెల ఒక డాలరు, ఏ వర్తకుడూ అంతకు తక్కువకు అమ్మరాదు, అమ్మితే కాపీరైటు ఉల్లంఘన అవుతుంది అని దాని తాత్పర్యం. న్యూయార్కులోని మేసీ దుకాణం ఆ నవలను 89 సెంట్లకు అమ్మింది. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయింది. కాపీరైటు అంటే ప్రతులు తీసే హక్కే, అమ్మిన ప్రతి మీద శాశ్వతంగా పెత్తనం చేసే హక్కు కాదని 1908లో ఆ కోర్టు తీర్పు చెప్పింది. మొదటి అమ్మకంతో అమ్మినవాడి హక్కు తీరిపోతుంది. 1909లో ఈ సూత్రం చట్టంలోకి ఎక్కింది.

ఈ వ్యాజ్యంలో గెలిచిన మేసీ పేదల సంస్థ కాదు. పెద్ద వ్యాపార సంస్థ. అంటే ప్రచురణ పెట్టుబడికీ వర్తక పెట్టుబడికీ జరిగిన జగడం అది. కాని ఇద్దరు మోతుబరులు గట్టు కోసం తగాదాపడినప్పుడు ఒక్కొక్కసారి ఊరివాళ్లకు నడవడానికి బాట మిగులుతుంది. ఆ బాట మీదనే అమెరికాలో పాత పుస్తకాల అంగళ్లూ, గ్రంథాలయాలూ వంద ఏళ్లకు పైగా నడిచాయి.

జపానులో ఇదే తగాదా నేరుగా వీడియో ఆటల మీదనే జరిగింది. పాత ఆటలు అమ్మే దుకాణాల మీద 1998లో కంపెనీలు కోర్టుకెక్కాయి. ఆట అంటే సినిమా వంటిదే, సినిమా ప్రతులను ఎవరు పంపిణీ చేయాలో నిర్ణయించే హక్కు నిర్మాతదే, కాబట్టి పాత ఆటల అమ్మకం నేరం అన్నాయి. 1999లో టోక్యో కోర్టు దుకాణాల పక్షాన, ఒసాకా కోర్టు కంపెనీల పక్షాన తీర్పులిచ్చాయి. చివరకు 2002 ఏప్రిల్ 25న జపాను సుప్రీంకోర్టు తేల్చింది: ఆట సినిమా వంటిదే కావచ్చు, పంపిణీ హక్కూ వుండవచ్చు, కాని ఇళ్లలో ఆడుకోవడానికి అమ్మిన ప్రతి మీద మొదటి అమ్మకంతోనే ఆ హక్కు తీరిపోతుంది. హక్కుదారుడు తన ప్రతిఫలం మొదటి అమ్మకంలోనే పొందివున్నాడు, అదే ప్రతి మీద మళ్లీ మళ్లీ వసూలు చేయవలసిన అవసరం లేదు.

ఈ చివరి మాటే మన కథక మిత్రుని అభ్యంతరం దగ్గరకు తీసుకుపోతుంది.

3

పాత ఆట అమ్మకంలో తయారుచేసినవాడికి ఏమీ రాదన్నది నిజం. గేమ్‌స్టాప్ వంటి పెద్ద వర్తక సంస్థలు కుర్రవాళ్ల దగ్గర చౌకగా కొని, కొత్తదానికన్న కొద్ది డాలర్లే తగ్గించి అమ్మి, నడుమ గట్టి లాభం చేసుకున్న మాటా నిజం. పాత సరుకు వర్తకుడిని దేవుడిని చేయవలసిన పని మనకు లేదు.

అయితే, కంపెనీలు కళాకారుని పేరు చెప్పి అడుగుతున్న ఆ డబ్బు కళాకారునికి చేరుతుందా అన్నది అసలు ప్రశ్న. ఒక పెద్ద ఆట వెనక వందల మంది చిత్రకారులు, సంగీతకారులు, రచయితలు, ప్రోగ్రామర్లు వుంటారు. వారిలో అత్యధికులు జీతగాళ్లు. ఆట మీద హక్కు కంపెనీది. ఆట ఎన్ని ప్రతులు అమ్ముడుపోయినా జీతగాడి కొలువుకు భరోసా లేదు. 2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ సుమారు 6,870 కోట్ల డాలర్లు పెట్టి ఆక్టివిజన్ బ్లిజార్డ్ కంపెనీని మింగింది. నాలుగు నెలలు తిరగకుండా, 2024 జనవరిలో, తన ఆటల విభాగంలో 1,900 మందిని ఇంటికి పంపింది. వీళ్ల కూడు తీసింది డిస్కు ఎరువిచ్చిన కుర్రవాడా?

ఇంత చెప్పినా మిత్రుని ప్రశ్నలో ఒక భాగం మిగిలేవుంటుంది. సొంత ఖర్చుతో పుస్తకం అచ్చు వేసుకున్న కవి, నలుగురు కలిసి ఏళ్ల తరబడి శ్రమించి ఒక చిన్న ఆట తయారుచేసిన బృందం, వీళ్లకు ప్రతి అమ్మకమూ ముఖ్యమే. ఆ సంగతి దాటవేస్తే నేను నిజాయితీ లేనివాడినవుతాను. కాని మందు ఏమిటి? పాఠకుడి చేతిలో పుస్తకానికి తాళం వేయడమా? దానికి వేరే దారి వున్నది. డెన్మార్కు 1946లోనే, బ్రిటన్ 1979 చట్టంతోను, గ్రంథాలయాల్లో రచయితల పుస్తకాలు వున్నందుకు ప్రజాధనంలోంచి వారికి సొమ్ము చెల్లించే పద్ధతి పెట్టుకున్నాయి. పాఠకుడికి అడ్డం రాకుండా రచయితకు అన్నం పెట్టవచ్చునని అవి రుజువు చేశాయి. రచయితా పాఠకుడూ కొట్లాడుకుంటే లాభపడేవాడు మూడోవాడు. ఆ కొట్లాట కంపెనీలకు కావాలి, మనకు అక్కర్లేదు.

ఇక్కడ నా సొంత మాట ఒకటి చెప్పుకోవాలి. హైదరాబాదులో అబిడ్స్ కాలిబాట మీద ఆదివారం పరచే పుస్తకాలు, కోఠీ పాత పుస్తకాల దుకాణాలు, విజయవాడ లెనిన్ సెంటర్‌లోని అంగళ్లు లేకపోతే నేను చదివిన చదువులో సగం వుండేది కాదు. కొత్త ప్రతి కొనే స్తోమత నాకు లేని రోజుల్లో ఆ రచయితలకు నా వల్ల పైసా రాలేదు. కాని ఆ తర్వాత నేను వాళ్ల పుస్తకాలు కొన్నాను, కొనిపించాను, పాఠాల్లో చెప్పాను. పాత పుస్తకం రచయితకు డబ్బు ఇవ్వదు, పాఠకుణ్ణి ఇస్తుంది. పాత ఆట కూడా అంతే చేస్తుంది.

ఈ అంగళ్లకు మన చట్టంలో రక్ష వున్నది. మన 1957 కాపీరైటు చట్టం 14వ సెక్షను ప్రకారం, అప్పటికే చలామణిలో వున్న పుస్తకం ప్రతి మీద రచయితకుగాని ప్రచురణకర్తకుగాని పంపిణీ పెత్తనం లేదు. కంప్యూటరు ప్రోగ్రాముల విషయంలో మాత్రం 1994 సవరణ దీనికి విరుద్ధంగా పోయింది. ప్రతి ఇదివరకే అమ్ముడుపోయినదైనా సరే, అమ్మే హక్కు యజమానిదే అన్నది. 1999 సవరణ ఆ మాట తీసివేసింది. సినిమాల విషయంలో ఇటువంటి మాటే 2012 దాకా నిలిచింది. అంటే ఈ సమస్య మన గడపలోకీ వచ్చిపోయింది. మనలో ఎంతమందిమి గమనించాం?

4

ఇక విద్యార్థి మిత్రుని ప్రశ్న. సొంత ఆస్తిని రద్దు చేయాలనేవాళ్లం డిస్కు యాజమాన్యాన్ని వెనకేసుకురావచ్చునా?

"కమ్యూనిస్టు ప్రణాళిక" చదివినవాళ్లకు ఈ సందేహం వుండకూడదు. ఇతరుల శ్రమను కొల్లగొట్టే శక్తినిచ్చే ఆస్తి వేరు, మనిషి వాడుకునే వస్తువు వేరు. కుర్రవాడి దగ్గరున్న డిస్కు ఎవరి అదనపు విలువనూ పీల్చదు. అతనికి దానిలో వున్నది ఉపయోగపు విలువ. వాడుక తీరిన తర్వాత దాన్ని మరొకరి వాడుకకు అందిస్తాడు. కంపెనీకి కావలసింది వేరు. వస్తువును అమ్మి డబ్బు తీసుకోవాలి, అమ్మిన వస్తువు మీద అధికారం మాత్రం వదులుకోరాదు. ఇంకా సూటిగా చెప్పాలంటే ఇది ఒక రకం కౌలు. భూస్వామి భూమిని అనుభవించనిస్తాడు, భూమి మాత్రం ఇవ్వడు. కౌలు గడువు ఎప్పుడు ముగిసేదీ అతని చిత్తం. పెట్టుబడిదారీ విధానం భూస్వామ్యాన్ని కూల్చి వచ్చిందని చదువుకున్నాం. గుత్త పెట్టుబడి దశకు వచ్చిన తర్వాత అది భూస్వామి పద్ధతులనే కొత్త బట్టలు కట్టి తెచ్చుకుంటున్నది.

కనుక ఇక్కడ సొంత ఆస్తిని సమర్థిస్తున్నది మనం కాదు, కంపెనీలే. తమ ఆస్తి మన ఇంట్లోకి వచ్చిన తర్వాత కూడా తమదే అంటున్నాయి.

ఈ మాట అతిశయోక్తి కాదనడానికి కోర్టు తీర్పులే సాక్ష్యం. 2012లో ఐరోపా న్యాయస్థానం డౌన్‌లోడ్ చేసుకున్న సాఫ్ట్‌వేర్‌ను కూడా తిరిగి అమ్ముకోవచ్చునని తీర్పిచ్చింది. ఆ ధైర్యంతో ఫ్రాన్సులో యుఎఫ్‌సీ క్యూ షుజీర్ అనే వినియోగదారుల సంఘం 2015లో వాల్వ్ కంపెనీ మీద దావా వేసింది. స్టీమ్ అనే అంగడిలో డిస్కు లేకుండా ఆటలు అమ్మేది ఈ కంపెనీయే. 2019 సెప్టెంబరులో పారిస్ కోర్టు సంఘం పక్షాన తీర్పు చెప్పింది. 2022 అక్టోబరులో పై కోర్టు దాన్ని కొట్టివేసింది. వీడియో ఆట ఉత్త సాఫ్ట్‌వేర్ కాదు, అందులో చిత్రం, సంగీతం, కథ అన్నీ వున్నాయి, కాబట్టి సాఫ్ట్‌వేర్ తీర్పు దీనికి వర్తించదన్నది. పైగా డిజిటల్ ప్రతి పాత డిస్కులాగా అరిగిపోదు గనుక తిరిగి అమ్మనిస్తే హక్కుదారులకు నష్టం అన్నది. 2024 అక్టోబరులో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం దీన్నే ఖాయం చేసింది.

జపానులో ఆటను సినిమాతో పోల్చినా కొన్నవాడి హక్కు నిలిచింది. ఫ్రాన్సులో ఆట సాఫ్ట్‌వేర్‌ను మించినది అనేసరికి కొన్నవాడి హక్కు పోయింది. కళగా గౌరవించడమే కొన్నవాడి చేతికి సంకెల అయింది! మరి అరిగిపోని వస్తువైతే అమ్మకూడదనే తర్కం ఏమిటి? మనిషి శ్రమ వస్తువును అరగకుండా చేయగలిగిన రోజు సమాజం సంతోషించవలసిన రోజు. లాభం కోసం నడిచే వ్యవస్థకు మాత్రం అది నష్టం. ఉత్పత్తి శక్తులకూ ఉత్పత్తి సంబంధాలకూ వైరుధ్యం అని విద్యార్థులకు పాఠం చెప్పడానికి ఇంతకన్న సులువైన ఉదాహరణ నాకు దొరకలేదు.

5

అరిగిపోని వస్తువును కంపెనీలు ఏం చేస్తాయో కూడా చూశాం. యూబిసాఫ్ట్ కంపెనీ 2014లో విడుదల చేసిన "ది క్రూ" అనే ఆట ఆడడానికి కంపెనీ సర్వర్ అవసరం. 2024 మార్చి 31న కంపెనీ ఆ సర్వర్ ఆపివేసింది. డిస్కు కొని అలమారలో దాచుకున్నవాళ్లకు కూడా డిస్కు ఒట్టి బిళ్ల అయింది. దీని మీద ఐరోపాలో ఆటగాళ్లు సంఘటితమై, అమ్మిన ఆటలను చంపకూడదంటూ చట్టం కోసం ఒక మహజరు నడిపారు. 2025 జూలై నాటికి దాని మీద పదిలక్షలకు పైగా సంతకాలు చేరాయి.

అదే కాలంలో అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం మరో దారి పట్టింది. డిజిటల్ వస్తువు అమ్మేటప్పుడు, ఇది నిజంగా మీ సొంతం కాదు, మీకు ఇస్తున్నది లైసెన్సు మాత్రమే అని స్పష్టంగా చెప్పాలన్న చట్టం అక్కడ 2024లో తయారై, 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. మోసం చేయకూడదన్న మేరకు ఇది మంచిదే. కాని ఇది కొనేవాడికి ఏ హక్కూ ఇవ్వలేదు, హక్కు లేదని తెలుసుకునే సౌకర్యం ఇచ్చింది. నీళ్లు లేని బావి దగ్గర "నీళ్లు లేవు" అని బోర్డు పెట్టినట్టున్నది. ఎంపిక సిద్ధాంతం ఇంతకు మించి పోలేదు. బాగా తెలుసుకుని ఎంచుకో అంటుంది. ఎంచుకోవడానికి మరొకటి మిగలనప్పుడు దానికి చెప్పడానికి మాట వుండదు.

2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2లో కొన్ని ఆటలకు "గేమ్ కీ కార్డు" అని ఇస్తున్నారు. ఆ కార్డులో ఆట వుండదు, ఆటను డౌన్‌లోడ్ చేసుకోవడానికి తాళంచెవి మాత్రం వుంటుంది. ఆ కార్డును తిరిగి అమ్ముకోవచ్చు. అయితే తలుపు కంపెనీ ఇంట్లో వున్నది. ఆ తలుపు ఎన్నాళ్లు తెరిచివుంచేదీ కంపెనీ ఇష్టం.

చివరకు మిగిలినది ఉపాధ్యాయ మిత్రుని మాట, ఇవి ఆటబొమ్మలు గదా అన్నది. సినిమాను పెద్దలు ఒకప్పుడు ఇట్లాగే చూశారు. అంతకుముందు వీధినాటకాన్నీ ఇట్లాగే చూశారు. కోట్లాది యువజనులు తీరిక గడిపే కళ మీద అభ్యుదయవాదులకు అభిప్రాయం లేకపోతే ఆ చోట వ్యాపారస్తుల అభిప్రాయమే రాజ్యం చేస్తుంది. అంతకన్న ముఖ్యమైన కారణం మరొకటి వున్నది. ఆటబొమ్మ మీద చెల్లిన నిబంధన పుస్తకం మీదా చెల్లుతుంది. 2009 జూలైలో అమెజాన్ కంపెనీ తన కిండిల్ యంత్రాల్లో పాఠకులు కొనుక్కున్న ఆర్వెల్ పుస్తకాలు రెండింటిని, అవి అంగట్లో పెట్టినవాడికి హక్కు లేదన్న కారణంతో, పాఠకులను అడగకుండా దూరం నుంచే తుడిచివేసింది. సొమ్ము వాపసు ఇచ్చింది. అందులో ఒకటి "1984". ఆర్వెల్ మనకు ఇష్టమైన రచయిత కాకపోవచ్చు. కాని ఇవాళ ఆయన పుస్తకం మాయం చేసిన చెయ్యి రేపు మన పుస్తకం దగ్గర ఆగుతుందని నమ్మకం ఏమిటి? 2019 డిసెంబరులో ఐరోపా న్యాయస్థానం వాడిన ఈ-పుస్తకాలను తిరిగి అమ్మడానికి వీల్లేదని కూడా తేల్చివేసింది. కాగితం పుస్తకానికి వున్న రక్ష తెర మీది పుస్తకానికి లేదు. మన విద్యార్థుల చదువు రోజురోజుకూ తెర మీదికి పోతున్నది.

అందుచేత నా విన్నపం ఇది. వినియోగదారుని ఎంపిక అనే నినాదంతో మనం తృప్తిపడకూడదు. అది కొనేవాణ్ణి ఒంటరిగా అంగడి ముందు నిలబెడుతుంది. ఒంటరివాడు కోపం వచ్చినప్పుడు ఒక జూన్ నెలలో గెలవగలడు. కోపం చల్లారిన తర్వాత వంద డాలర్ల రాయితీకి లొంగుతాడు. కావలసింది చట్టం. అమ్మినవాడి పెత్తనం అమ్మకంతో తీరిపోవాలి, వస్తువు డిస్కు మీద వున్నా గాలిలో వచ్చినా సరే. అమ్మిన వస్తువును దూరం నుంచి చంపే అధికారం ఎవరికీ వుండకూడదు. గ్రంథాలయాలకు డిజిటల్ ప్రతులను కొనే హక్కు, ఎరువిచ్చే హక్కు వుండాలి. రచయితకు, కళాకారునికి, జీతగాడికి రావలసినది సమాజం న్యాయంగా చెల్లించాలి. ఈ కోరికలు ఆటగాళ్లవి మాత్రమే కావు. విద్యార్థి సంఘాలు, ఉపాధ్యాయ సంఘాలు, గ్రంథాలయ సంఘాలు, మన రచయితల సంఘం కలిసి అడగవలసినవి.

వ్యాసం చదివి వినిపించిన తర్వాత ఉపాధ్యాయ మిత్రులు ఏమీ అనలేదు. లేచి బీరువాలోంచి ఒక పాత పుస్తకం తీసి చూపించారు. మొదటి పేజీలో మూడు పేర్లున్నాయి, మూడు సిరాలతో. మూడవది ఆయనది. దాని కింద ఇంకా ఖాళీ వున్నది.